గేటు పక్కన నల్లబోర్డు: ఒక పీహెచ్‌సీ, దాని చుట్టూ ఉన్న ఊళ్ళు

కుక్క కరిచిన పిల్లవాణ్ణి చంకనేసుకుని ఒక తల్లి, నేను డాక్టరుగా ఉన్న పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) వచ్చింది. అప్పటికి మధ్యాహ్నం రెండు దాటింది. ఫ్రిజ్‌లో టీకా ఉంది. అయినా డ్యూటీలో ఉన్న నర్సు "ఇంకో ముగ్గురు రావాలమ్మా, రేపు పొద్దున్నే రా" అని పంపేసింది. ఆ తల్లి ఇంటికి పోలేదు. ఆటో మాట్లాడుకుని టౌనుకి పోయి, ప్రైవేటు ఆస్పత్రిలో అప్పు తెచ్చిన డబ్బుతో సూది వేయించింది. ఈ సంగతి నాకు ఆ రోజు తెలియలేదు. పది రోజుల తర్వాత ఆశ కార్యకర్త చెప్తే తెలిసింది. అప్పటికే ఊళ్ళో మాట ఇంకోలా తిరుగుతోంది: "పీహెచ్‌సీలో కుక్కకాటు మందు అమ్ముకుంటున్నారంట."

ఎవరూ అమ్ముకోలేదు. నర్సు దగ్గర ఒక లెక్క ఉంది. కుక్కకాటు టీకాను చర్మం పొరలో వేసే పద్ధతిలో ఒక మనిషికి ఒక పూటకి రెండు చోట్ల 0.1 మిల్లీలీటరు చొప్పున సరిపోతుంది. అంటే ఒక మిల్లీలీటరు సీసా ఐదుగురికి వస్తుంది. కానీ పొడిలో నీళ్ళు కలిపాక దాన్ని చల్లగా ఉంచి ఆరు నుంచి ఎనిమిది గంటల్లోపే వాడేయాలి. మిగిలింది పారబోయడమే. మధ్యాహ్నం పూట ఒక్కరి కోసం సీసా తెరిస్తే ఐదింట నాలుగు వంతులు వృథా అవుతుంది, నెలాఖరుకి స్టాకు తగ్గుతుంది, "ఎందుకు తగ్గింది" అని పైనుంచి అడుగుతారు. లెక్క సరైనదే. మొదటి డోసుకి వచ్చిన పిల్లవాణ్ణి పంపేయడం మాత్రం ముమ్మాటికీ తప్పు. రేబిస్ విషయంలో "రేపు రా" అనే మాట ఉండకూడదు.

ఆ రోజంతా నన్ను తొలిచింది వేరే సంగతి. ఆ లెక్క నర్సుకు తెలుసు, ఫార్మసిస్టుకు తెలుసు, నాకు తెలుసు. ఆ తల్లికి తెలియదు. ఆమెకు తెలిసిందల్లా ఫ్రిజ్‌లో మందు ఉంది, తన బిడ్డకు వేయలేదు అన్నదే. ఆ ఖాళీని ఊరు తనకు తోచిన కథతో నింపుకుంది.

మాది అప్పటి ప్రకాశం జిల్లా పడమటి మండలాల్లో ఒకటి. రాళ్ళ నేలలు. కంది, మిరప, పొగాకు. చాలా ఊళ్ళ బోరు నీళ్ళలో ఫ్లోరైడ్. పనుల్లేని నెలల్లో గుంటూరు వైపు మిరపకోతలకో, హైదరాబాదుకు బేల్దారి పనికో సగం ఊరు వలస పోతుంది. నేను అక్కడ మెడికల్ ఆఫీసర్‌గా చేరింది 2017లో. మైదాన ప్రాంతంలో 30,000 జనాభాకి ఒక పీహెచ్‌సీ ఉండాలన్నది లెక్క. మా పరిధిలోని జనం అంతకంటే ఎక్కువే. ఇద్దరు డాక్టర్లుండాల్సిన చోట చాలాకాలం నేనొక్కదాన్నే ఉన్నాను.

కాగితం మీద మాకు కమిటీలకేం కరువు లేదు. 2005 ఏప్రిల్‌లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైనప్పటి నుంచి ప్రతి పీహెచ్‌సీకి ఒక ఆస్పత్రి అభివృద్ధి సంఘం ఉంది. దేశమంతా రోగి కల్యాణ సమితి అని పిలిచే దానికి ఇది మన పేరు. ఆ ఆలోచన 1994లో ఇండోర్‌లో పుట్టింది. సూరత్ ప్లేగు భయంతో దేశం వణికిన ఏడాది అది. ఎలుకలతో నిండిపోయిన అక్కడి పెద్దాస్పత్రిని ఊరివాళ్ళు, అధికారులు కలిసి ఖాళీ చేయించి శుభ్రం చేశారు. ఆ ఊపులోంచి వచ్చిందే ఈ సమితి. మిషన్ మొదట్లో పెట్టుకున్న లెక్క ప్రకారం ఒక పీహెచ్‌సీకి ఏడాదికి సమితి పేరిట లక్ష రూపాయలు, మరమ్మతులకు 50,000, చిల్లర అవసరాలకు 25,000 వచ్చేవి. ఇవి కాక ప్రతి గ్రామ ఆరోగ్య కమిటీకి 10,000.

ఆ గ్రామ కమిటీల తీర్మానాల పుస్తకాలు తెప్పించి చూశాను. చేతిరాత ముచ్చటగా ఉంది. నెలనెలా తీర్మానాలు: బ్లీచింగ్ చల్లించడమైనది, కాలువలు తీయించడమైనది. వేలిముద్రలన్నీ ఒకే సిరాతో, ఒకే వరసలో ఉన్నాయి. ఏఎన్ఎంని అడిగితే నవ్వేసింది. "ఇంటింటికీ తిరిగి పెట్టించుకొస్తా మేడమ్. అందర్నీ ఒక చోటికి పిలిస్తే కూలి పోయిద్ది గదా వాళ్ళకి." ఆమెను తప్పు పట్టలేకపోయాను.

మొదటి సమావేశం, అది పోయిన తీరు

కుక్కకాటు సంగతి విన్న వారంలోనే ఉత్సాహంతో ఒక పెద్ద సమావేశం పెట్టాను. పంచాయతీ ఆఫీసులో, పొద్దున పదకొండు గంటలకి. టీ, బిస్కెట్లు. ఆస్పత్రి ఎలా ఉంది, ఏం మార్చాలి, మనసులో ఉన్నది చెప్పండి అని అడిగాను.

వచ్చినవాళ్ళలో ముప్పాతిక మంది మగవాళ్ళు, తెల్ల చొక్కాలు. ఎస్సీ కాలనీ నుంచి ఇద్దరే వచ్చారు, గుమ్మం దగ్గరే నిలబడ్డారు. యానాదుల కాలనీ నుంచి ఒక్కరూ లేరు. "అంతా బాగానే ఉంది మేడమ్, ఇంకో డాక్టర్ని వేయిస్తే చాలు" అన్నారు. ఇంకో డాక్టర్ని వేయించడం నా చేతుల్లో లేదు, వాళ్ళ చేతుల్లోనూ లేదు. ఫొటో తీసుకున్నాం, వాట్సాప్ గ్రూపులో పెట్టాం. పై ఆఫీసు నుంచి బొటనవేలు బొమ్మలు వచ్చాయి. అంతటితో అయిపోయింది.

బయటికొచ్చాక బోరింగు దగ్గర బిందె నింపుకుంటున్న ఒక ముసలావిడ నన్ను ఆపింది. లోపలికి ఎందుకు రాలేదవ్వా అని అడిగాను. ఆమె అన్న మాటే తర్వాత జరిగిన పనంతటికీ మొదలు:

"వచ్చి ఏం జెప్పాలమ్మా? ఆ ఆస్పత్రిలో ఏముండాలో మాకు తెలిస్తే గదా, ఏం లేదో చెప్పేది!"

అవ్వ చెప్పిందే ఉగాండా పరిశోధన కూడా చెప్పింది

ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టాను. ఈ రంగంలో ఎక్కువగా చెప్పుకునే ప్రయోగం ఉగాండాది. తొమ్మిది జిల్లాల్లో 50 ఆరోగ్య కేంద్రాలను తీసుకుని, సగం చోట్ల ఊరివాళ్ళకి వాళ్ళ కేంద్రం పనితీరు గురించి ఒక ప్రోగ్రెస్ కార్డు లాంటిది ఇచ్చారు. తర్వాత ఊరివాళ్ళనీ సిబ్బందినీ కలిపి కూర్చోబెట్టి, ఎవరు ఏం మారుస్తారో రాయించారు. ఏడాది తర్వాత చూస్తే ఆ ఊళ్ళలో ఐదేళ్ళలోపు పిల్లల మరణాలు మూడో వంతు తక్కువగా ఉన్నాయని 2009లో ప్రకటించారు. అది చదివి నేనూ ఎగిరి గంతేశాను. ఆ పరిశోధకులే తర్వాత ఇంకో సంగతి తేల్చారు: ప్రోగ్రెస్ కార్డు ఇవ్వకుండా ఉత్తి సమావేశాలు మాత్రమే పెట్టిన ఊళ్ళలో చెప్పుకోదగ్గ మార్పేమీ రాలేదు. అంటే నేను పంచాయతీ ఆఫీసులో చేసిన పని ఇదే. జనాన్ని పిలిచాను, వాళ్ళ చేతికి ఏ సమాచారమూ ఇవ్వలేదు.

కొన్నేళ్ళకు అదే దేశంలో ఇలాంటి ప్రయోగాన్ని ఇంకా చాలా ఎక్కువ కేంద్రాల్లో చేసి చూస్తే, పిల్లల మరణాలు అలా తగ్గిన జాడ కనిపించలేదు. అందుకే ఊరివాళ్ళు కూర్చుని మాట్లాడితే చావులు ఆగిపోతాయని నేను ఎవరికీ చెప్పను. ఆస్పత్రి గుమ్మం ఎక్కిన మనిషికి దక్కే మర్యాద, అక్కడ మందు ఉందో లేదో ముందే తెలియడం లాంటివి మారతాయా అన్నది మాత్రం మన స్థాయిలో చూడగలిగిన సంగతి.

దగ్గరి ఉదాహరణ మహారాష్ట్ర. ఆరోగ్య సేవల మీద ప్రజల పర్యవేక్షణ అనే పని 2007లో తొమ్మిది రాష్ట్రాల్లో మొదలైంది. ఆ తొమ్మిదిలో మన రాష్ట్రం లేదు. మహారాష్ట్రలో పుణే, ఠాణే, అమరావతి, నందుర్బార్, ఉస్మానాబాద్ జిల్లాల్లో మొదలుపెట్టి, ఊరూరా రిపోర్టు కార్డులకు పచ్చ, పసుపు, ఎరుపు రంగులు వేసి, జనసున్వాయి పేరుతో బహిరంగంగా అధికారులను కూర్చోబెట్టి అడిగారు. రంగుల పద్ధతి నాకు నచ్చింది. జనసున్వాయి చూస్తే మాత్రం నాకే భయమేసింది. అక్కడ ఆ పని వెనక స్వచ్ఛంద సంస్థలున్నాయి. ఇక్కడ నిలదీయించుకునేదీ నేనే, ఏర్పాట్లు చేసేదీ నేనే.

ఒక పేజీ కాగితం

ముందు మా లోపాలు మేమే రాసుకున్నాం. ఒక కాగితానికి రెండు వైపులా, పెద్ద అక్షరాలతో. ఒక పీహెచ్‌సీలో ఏమేం ఉండాలి, మా దగ్గర ఏమున్నాయి, ఏం లేవు, లేనివి ఎందుకు లేవు. పాముకాటు మందు ఎన్ని సీసాలున్నాయి. రక్తపరీక్షల్లో ఏవి ఇక్కడే చేస్తాం, ఏవి బయటికి పంపుతాం. ప్రభుత్వం 2016లో ఉచిత పరీక్షల పథకం తెచ్చినా చాలామందికి ఆ సంగతే తెలియదు. అభివృద్ధి సంఘం ఖాతాలో డబ్బెంత, పోయినేడు దేనికి ఖర్చయింది.

ఫార్మసిస్టు ముఖం మాడ్చుకున్నాడు. "మన తప్పులు మనమే అచ్చేయించి పంచుకుంటామా మేడమ్?" పై ఆఫీసులో ఒక పెద్దాయనకు ఫోన్ చేసి చెప్తే, వద్దనలేదు, సరేననీ అనలేదు. "పేపరోళ్ళ దాకా పోకుండా చూసుకోండి" అన్నారు. మా శాఖలో ఈ మాటనే అనుమతి అంటారు.

కాగితం పంచితే చదివేదెవరు? అందుకని డ్వాక్రా గ్రామ సమాఖ్య మీటింగులకు వెళ్ళాం. అవి సాయంత్రాలు జరుగుతాయి, కూలి పోదు, ఆడవాళ్ళు ఎలాగూ పొదుపు డబ్బులు కట్టడానికి వస్తారు. మేం ప్రత్యేకంగా ఎవర్నీ పిలవక్కర్లేదు. ఆశ కార్యకర్త కాగితం చదివి వినిపించేది. చదవడం అయ్యాక కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఎవరో ఒకరు "లక్ష రూపాయలా? మన ఆస్పత్రికా?" అనేవారు. ప్రతి ఊళ్ళోనూ మొదటి ప్రశ్న డబ్బు మీదే. ఆ ప్రశ్న వచ్చిందంటే మాటలు మొదలైనట్టే.

తర్వాత చింతగింజలు. ఈ మార్కుల పద్ధతిని కేర్ సంస్థ 2002లో మలావీలో మొదలుపెట్టింది, మేం మాకు తగ్గట్టు మార్చుకున్నాం. చార్టు మీద ఐదు బొమ్మలు: మందులు, శుభ్రత, సిబ్బంది మాట తీరు, వేళకి ఉండడం, డబ్బు అడగకపోవడం. ఒక్కో బొమ్మ ముందు ఒక గిన్నె. బాగుంటే ఐదు గింజలు, అధ్వానమైతే ఒకటి. మొదటి ఊళ్ళో గిన్నెలు అందరి ముందే పెట్టాం. గ్రూపు లీడరమ్మ ఎన్ని వేస్తే మిగతావాళ్ళూ అన్నే వేశారు. రెండో ఊరికి తెలివొచ్చి, గిన్నెల్ని అంగన్‌వాడీ గది తలుపు వెనక పెట్టి, ఒక్కొక్కరినే లోపలికి పంపాం. మార్కులు ఒక్కసారిగా మారిపోయాయి. ఈ పని చేయాలనుకునేవారు తలుపు ఉన్న గదిని వెతుక్కోండి.

మందులకు తక్కువ వస్తాయని నేను అనుకున్నా. కాదు, మందులకు బాగానే వేశారు. అన్ని ఊళ్ళలోనూ అడుగున ఉన్నది మాట తీరు. దాని పైన, వేళకి ఎవరుంటారో తెలియకపోవడం. "డాక్టరు లేకపోతే లేదని జెప్పండి. ఇరవై రూపాయలు ఛార్జీ పెట్టుకుని వచ్చి, తలుపు జూసి పోతన్నాం" అని ఒకామె అంది. నేను జిల్లా మీటింగుకి పోయిన రోజుల్లో ఎంతమంది అలా తలుపు చూసి పోయారో, మా ఓపీ రిజిస్టర్లో ఆ లెక్క ఎక్కడా ఉండదు. వచ్చి తిరిగిపోయినవాళ్ళకి రిజిస్టర్లో గడి లేదు మరి.

యానాదుల కాలనీ

వాళ్ళు సమాఖ్యలో లేరు, కాబట్టి అక్కడికి విడిగా వెళ్ళాల్సొచ్చింది. రెండుసార్లు వెళ్తే ఎవరూ లేరు, పొలం కాపలాకో చేపలకో పోయారు. మూడోసారి రాత్రి ఎనిమిదింటికి వెళ్ళాం. గింజలేం వేయించలేదు, కూర్చుని మాట్లాడాం. వాళ్ళు ఆస్పత్రికి రాకపోవడానికి కారణం విని నాకు తల కొట్టేసినట్టయింది. ఆధార్ అడుగుతారని రావడం లేదు. చాలామందికి కార్డుల్లేవు. ఓపీ చీటీకి ఆధార్ తప్పనిసరి అని మేం ఎన్నడూ చెప్పలేదు. కంప్యూటర్ దగ్గర కూర్చునే కుర్రాడు మాత్రం తెరమీద గడి ఉంది కాబట్టి వచ్చినవాళ్ళందర్నీ అడుగుతున్నాడు. లేదంటే "రేపు తెచ్చుకో" అంటున్నాడు. మర్నాడే ఆపించాం. ఒక్క మాటతో పోయే అడ్డంకి. ఏళ్ళ తరబడి ఒక కాలనీని గేటు బయట నిలబెట్టింది.

సిబ్బంది గింజలు

సిబ్బందితో కూడా అదే పని చేయించాను, తలుపు వెనకే. మాట తీరుకి వాళ్ళకు వాళ్ళు నిండుగా వేసుకున్నారు, అది ఊహించిందే. వాళ్ళ చార్టులో నేను ఒక బొమ్మ అదనంగా పెట్టించాను: రాత్రి డ్యూటీలో భద్రత. ఆ గిన్నెలో దాదాపు అందరూ ఒక్కో గింజే వేశారు.

రాత్రి కాన్పు కేసులకు ఒక స్టాఫ్ నర్సు, ఒక ఆయా ఉంటారు. వాచ్‌మన్ పోస్టు లేదు. గేటుకి గడియ లేదు. లేబర్ రూము తలుపుకి బోల్టు ఊడిపోయి ఏడాది అయింది. తాగొచ్చిన బంధువులు లోపలిదాకా వస్తారు. "రాత్రంతా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంటా మేడమ్. పొద్దున ఎవరొచ్చి పలకరించినా కసురు వస్తది" అని ఒక సిస్టర్ ఏడ్చేసింది. మాట తీరు అన్న గిన్నె ఎందుకు ఖాళీగా ఉందో అప్పటికి సగం అర్థమైంది. మిగతా సగానికి సాకు లేదు. పేదవాళ్ళతో, అందులోనూ కొన్ని వాడలవాళ్ళతో మేం మాట్లాడే గొంతు వేరు. అది నా గొంతులోనూ ఉంది.

ముఖాముఖి

ఆదివారం మధ్యాహ్నం, హైస్కూలు వరండాలో ఊరివాళ్ళనీ సిబ్బందినీ ఎదురెదురుగా కూర్చోబెట్టాం. అన్ని కులాలవాళ్ళూ పిల్లల కోసం ఎక్కే మెట్లు అవి, అందుకే ఆ చోటు. షరతులు మూడే: సిబ్బంది పేర్లు ఎత్తకూడదు, గొంతు పెంచకూడదు, నాయకులు చివర్లో మాట్లాడాలి. మూడోది ఒప్పించడానికే రెండు రోజులు పట్టింది.

మొదట్లో వాతావరణం వేడిగానే ఉంది. "మా మీద పంచాయితీ పెట్టించారు" అని సిబ్బందికి కోపం. కుక్కకాటు మాట రాగానే వెనక నుంచి "అమ్ముకున్నారు" అని ఒకరు అరిచారు. ఆ నర్సు లేచింది. వెంట తెచ్చుకున్న ఐస్ డబ్బాలోంచి ఖాళీ సీసా తీసి చూపించింది. ఎన్ని గంటలు నిలవుంటుందో, ఎంతమందికి వస్తుందో, మిగిలింది ఏమవుతుందో చెప్పింది. తర్వాత, నేను చెప్పమనకుండానే, "ఆ రోజు పిల్లోణ్ణి పంపేయడం నా తప్పే" అంది. ఆ తల్లి అక్కడే ఉంది. ఆమె అన్నది ఇంతే:

"ఆ ముక్క ఆ రోజే జెప్పుంటే, ఇంకో ముగ్గుర్ని నేనే పిలుచుకొచ్చేదాన్ని గదమ్మా. మా వీధిలోనే ఇద్దర్ని కరిసింది అది."

మా వీధిలోనే ఇద్దర్ని. వాళ్ళిద్దరూ గాయం మీద సున్నం, పసుపు పెట్టుకుని ఇంట్లో కూర్చున్నారు. ఆ సాయంత్రమే వాళ్ళను పిలిపించాం. సబ్బుతో, కారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడగాలన్న మాట ఆ వరండాలో చెప్పినంత గట్టిగా నేను ఇంకెక్కడా చెప్పలేదు.

అక్కడే ఒక ఒప్పందం కుదిరింది. మొదటి డోసుకి ఎవరు ఏ వేళకొచ్చినా సీసా తెరవాలి, మిగిలినా సరే. తర్వాతి డోసుల తేదీలు ముందే తెలుసు కాబట్టి, ఒకే తేదీ ఉన్నవాళ్ళంతా ఒకే పూట వచ్చేలా ఆశలు ఫోన్లు చేస్తారు. వృథా పూర్తిగా పోలేదు. కానీ సీసా ఎందుకు తెరిచామో సంఘం తీర్మానంలో ఉంది కాబట్టి, పైనుంచి అడిగితే చూపించడానికి నర్సు దగ్గర ఒక కాగితం ఉంది.

రాత్రి డ్యూటీ సంగతి చెప్పినప్పుడు నేను ఊహించనిది జరిగింది. ఆడవాళ్ళ వైపు నుంచి "ఒక్కదానివే ఉంటావా తల్లీ రాత్రంతా? మాకెవరు జెప్పారు?" అని మాట వచ్చింది. నిజమే, వాళ్ళకెవరు చెప్పారు? గేటు దగ్గర వీధిలైటు పంచాయతీ వేయించింది. గడియ, బోల్టు, లేబర్ రూముకి కర్టెన్లు అభివృద్ధి సంఘం డబ్బుతో. కాన్పు కేసుతో వచ్చిన మగవాళ్ళు గేటు లోపల చెట్టు కింద ఆగాలి, లోపలికి పెద్దామె ఒక్కతే రావాలి అన్న రూలు మేం పెట్టలేదు. వాళ్ళే పెట్టారు. మేం పెట్టుంటే గొడవయ్యేది.

బోర్డు

గేటు పక్కన గోడకి నల్లరంగు వేయించాం. పొద్దున తొమ్మిదింటికల్లా రాయాలి: ఈ రోజు డాక్టరు ఉన్నారా, లేకపోతే ఎక్కడికి వెళ్ళారు, ఏఎన్ఎంలు ఏ ఊళ్ళో ఉన్నారు, పాముకాటు మందు ఎన్ని, కుక్కకాటు టీకా ఎన్ని, ఏ పరీక్షలు జరుగుతాయి. నెల మొదట్లో సంఘం ఖాతాలో నిల్వ. చివర్లో ఎర్ర సుద్దతో: కాన్పుకి ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు. శనివారం సమాఖ్య నుంచి ఇద్దరు వచ్చి బోర్డునీ స్టాకు రిజిస్టర్నీ పక్కపక్కన పెట్టి చూస్తారు.

ఫార్మసిస్టు భయం ఒక్కటే. "పాముకాటు మందు సున్నా అని రాయాల్సొస్తే?" వానాకాలంలో అదీ వచ్చింది. సున్నా అని రాశాడు. గంటలో ఎవరో ఫొటో తీసి వాట్సాప్‌లో తిప్పారు. మధ్యాహ్నానికి నాకు ఫోను వచ్చింది, ఆ ఫోనులో నాకు పడిన చీవాట్లు ఇక్కడ రాయను. మర్నాడు మధ్యాహ్నానికి మందు వచ్చింది. మేం అప్పటికే రెండు ఇండెంట్లు (మందు పంపమనే అర్జీలు) పెట్టి ఎదురుచూస్తున్నాం. ఆ రోజు నుంచి ఫార్మసిస్టు సుద్దముక్క జేబులోనే పెట్టుకుని తిరిగాడు. బోర్డు తనను నిలబెట్టి అడగడానికే కాదని, తన తరఫున అడగడానికి కూడా పనికొస్తుందని అతనికి తెలిసొచ్చింది.

డబ్బు ఎవరి మాట వింటుంది అన్న దగ్గర ఒక చిన్న యుద్ధమే జరిగింది. సంఘం అధ్యక్షుడు, స్థానిక ప్రజాప్రతినిధి, ఓపీ హాలుకి టైల్స్ వేయించి పేరుతో ఫలకం పెట్టించాలని ఎప్పటినుంచో అనుకుంటున్నారు. ఆడవాళ్ళు అడిగింది మరుగుదొడ్డి. ఉన్నదానికి నీళ్ళు రావు, తలుపు వేసుకోదు. మామూలుగా అయితే టైల్సే గెలిచేవి. కానీ ఖాతాలో డబ్బెంతో ఈసారి అందరికీ తెలుసు. చివరికి మరుగుదొడ్డి కట్టించి, ఆయన పేరుతో ఫలకం దాని గోడకే పెట్టించాం. మా మండలంలో అలాంటి శిలాఫలకం ఇంకోటి లేదు. ఆయన ప్రారంభోత్సవానికి వచ్చి రిబ్బన్ కూడా కత్తిరించారు.

కుదరనివి

సాయంత్రం ఓపీ కుదరలేదు. కూలికి పోయేవాళ్ళకి పొద్దున్నే ఆస్పత్రి అంటే ఒక రోజు కూలి పోయినట్టే. ఆర్‌ఎంపీ రాత్రి తొమ్మిదింటికి కూడా తలుపు తీస్తాడు, అందుకే అతనికి ఆ గిరాకీ. వారానికొక సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా కూర్చుని చూశాం. జనం వచ్చారు. కానీ ల్యాబ్ టెక్నీషియనూ నర్సూ టౌను నుంచి వచ్చిపోయేవాళ్ళు, ఏడు తర్వాత బస్సు లేదు, క్వార్టర్సు లేవు. రెండు నెలలకే మానేశాం. ఆర్‌ఎంపీలతో మాత్రం ఒక మాట అనుకున్నాం: పాముకాటు కేసుని క్షణం కూడా ఆపకుండా మా దగ్గరికో 108కో పంపాలి. చాలామంది మాట నిలబెట్టుకున్నారు.

కాన్పు గదిలో డబ్బులు తీసుకోవడం తగ్గింది, ఆగలేదు. ఎర్ర సుద్ద రాత చూపించి ఇవ్వననేవాళ్ళు కొందరు. "సంతోషంగా ఇచ్చాం" అనేవాళ్ళు కొందరు, మగబిడ్డ అయితే సంతోషం ఎక్కువ. ఆయాని పిలిచి అడిగితే కాంట్రాక్టు జీతం ఎన్ని నెలలుగా రాలేదో వేళ్ళమీద లెక్కపెట్టి చూపించింది. దానికి నా దగ్గర జవాబు లేదు, బోర్డు దగ్గరా లేదు.

ఓపీ పెరిగింది. అదంతా ఈ పని వల్లేనని నేను చెప్పుకోను. ఉచిత పరీక్షల సంగతి జనంలోకి పోవడం కూడా ఆ ఏళ్ళలోనే జరిగింది. యానాదుల కాలనీ నుంచి పిల్లల టీకాలకు రావడం, రాత్రి డ్యూటీలకు నర్సులు సెలవులు పెట్టడం తగ్గడం, ఈ రెండిటికీ మాత్రం వేరే కారణం నాకు కనపడదు.

ఖర్చు గురించి అడుగుతుంటారు. చార్టులు, సుద్దముక్కలు, టీ. చింతగింజలు ఊళ్ళో ఊరికే దొరుకుతాయి. అసలు ఖర్చు సాయంత్రాలు. నాకు జీతం ఉంది. ఆశలకు అప్పట్లో చేసిన పనినిబట్టి ప్రోత్సాహకాలే, ఈ పనికి ఏ పద్దు కిందా పైసా రాలేదు. గ్రామ కమిటీల డబ్బులోంచి ఛార్జీలు ఇప్పించగలిగాం, అంతే. వాళ్ళ శ్రమ మీద మేం పేరు తెచ్చుకున్నాం అన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. ఇంకోసారి చేస్తే వాళ్ళకి ఇచ్చే దాని గురించి తేల్చుకున్నాకే మొదలుపెడతాను.

నాకు బదిలీ అయింది. నా తర్వాత ముఖాముఖి ఒకసారి జరిగిందట, మళ్ళీ జరగలేదు. గింజల గిన్నెలు అంగన్‌వాడీలో పప్పుకి వాడుతున్నారు. బోర్డు మాత్రం ఉంది. నా తర్వాత వచ్చిన డాక్టరు ఒక రోజు ఫోన్ చేశాడు, కుర్రవాడు, గొంతులో విసుగు.

"మేడమ్, ఈ బోర్డు మీరే పెట్టించారంట కదా. నిన్న ముగ్గురు ఆడవాళ్ళు వచ్చి, బోర్డు మీద మొన్నటి తేదీ ఉందేంటని గంటసేపు కూర్చున్నారు. అసలు ఇది ఏ జీవోలో ఉంది?"

"ఏ జీవోలోనూ లేదు" అన్నాను. "తేదీ మార్చారా మరి?"

"మార్చాం లెండి."

"పాముకాటు మందు ఎన్ని రాశారు?"

కాసేపు ఆగి, "చూసి చెప్తా" అన్నాడు.